కొంగు హెడ్డు

ప్రొద్దుటూరు హెడ్ కానిస్టేబుల్ మహబూబ్ బాషాకు లోకంలో ఒకే ఒక్క భయం ఉండేది. చక్రం పక్కన వేలాడే గుడ్డంటే ఆయనకు భయం. వేటకొడవళ్ళకు భయపడడు, పై అధికారులకు భయపడడు, భార్య హజరాబీకి కూడా అంతంతమాత్రమే. సైకిలు వెనకాలో, మోటారు సైకిలు వెనకాలో కొంగు రెపరెపలాడిందా, ఆయన ప్రాణం గొంతులోకి వచ్చేది. విజిలు ఊది, బండి ఆపి, గిరుక్కున వెనక్కి తిరిగి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకొని, "కొంగమ్మా, కొంగు!" అని కేకేసేవాడు.

వెనక్కి తిరగడం ఎందుకంటే, పరాయి ఆడమనిషి కొంగువైపు చూడడం మర్యాద కాదు. కళ్ళు మూసుకోవడం ఎందుకంటే, తిరిగిన పక్క ఇంకో ఆడమనిషి ఉండొచ్చు.

ఈ కేకల మధ్య ఆయన పక్కన నిలబడే ఉద్యోగం కానిస్టేబుల్ నారాయణది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ పుట్టి రెండేండ్లు. ఊరికంతా మోటారు సైకిళ్ళు పదకొండు. పోలీసంటే దొంగల్ని పట్టుకుంటాడని నమ్మి ఉద్యోగంలో చేరిన నారాయణ, పొద్దస్తమానం కొంగులు పట్టుకోవాల్సి వచ్చిందే అని తల బాదుకునేవాడు. అత్తగారింటికి పోతే బామ్మర్దులు, "ఏం బావా, ఈ వారం ఎన్ని కొంగులు?" అని అడిగేవాళ్ళు. సిగ్గుతో చచ్చిపోయేవాడు పాపం.

మొదట్లో హెడ్డు "కొంగు" అనేవాడు కాదు, "పైట" అనేవాడు. భారతమ్మ అనే ఆమె భర్త సైకిలు క్యారియరు మీద కూర్చొని సంత నుంచి వస్తాంటే, నడిబజార్లో "అమ్మా, పైట!" అని అరిచినాడు. భారతమ్మ నింపాదిగా దిగింది. సంచిలో రెండు సేర్ల వంకాయలు ఉన్నాయి. ఆ సంచితోనే హెడ్డు వీపు మీద రెండు వేసి, మళ్ళీ క్యారియరెక్కి కూర్చుంది. "మాట మార్చాలప్పా నారాయణా," అన్నాడు హెడ్డు, వీపు తడుముకుంటా. "రూలు మంచిదే, మాటే బాగలేదు." అప్పటి నుంచి కొంగు.

ఆయన దగ్గర మగా ఆడా తేడా లేదు. పంచె కొసలు, తలగుడ్డ తోకలు, బురఖా అంచులు, పూజారి ఉత్తరీయం అన్నీ ఒకటే. పట్టుకున్నవన్నీ డైరీలో ఎక్కించేవాడు. స్థలం, గుడ్డ, రంగు, పొడవు, నడిపినవారి పేరు, అన్నిటికీ గళ్ళు. ఇరవై రెండేండ్ల సర్వీసులో ఒక్క గడి ఖాళీగా వదిలిపెట్టిన మనిషి కాదు.

ఒకసారి దువ్వూరు పక్క కొత్త జంట ఒకటి కొంగుముడి విప్పకుండానే మోటారు సైకిలు మీద వచ్చింది. హెడ్డు ముడివైపు చూసి ఆలోచనలో పడినాడు.

"ఇది కొంగు లెక్కా, ఉత్తరీయం లెక్కా నారాయణా?"

"రెండూ రాసుకో భాయ్. వాళ్ళను పోనీ."

"ముడి విప్పుకుంటే పోనిస్తా."

"ఇల్లు చేరేదాకా విప్పగూడదని అయ్యవారు చెప్పినాడు సార్," అన్నాడు పెండ్లికొడుకు, ఏడుపు మొహంతో.

ముడి విప్పగూడదు, ముడితో బండెక్కగూడదు. రెండు శాస్త్రాలూ గట్టివే. హెడ్డు ఒక ఎద్దులబండిని ఆపి జంటను అందులో కూర్చోబెట్టి, మోటారు సైకిలును వెనకాల రెండు మైళ్ళు తోసుకుంటా పోయినాడు. తోసింది ఎక్కువభాగం నారాయణే. నాలుగు రోజులు అన్నం కలుపుకోవడానికి చేతులు లేవలేదు.

"ఏంది భాయ్ నీకీ పిచ్చి?" అని అడిగినాడు ఆ రోజు, ఉండబట్టలేక.

"ఒకసారి చూసినా నాయనా. చక్రం గుడ్డను లాక్కుంటే మనిషిని కూడా లాక్కుంటాది. ఇంక అడగొద్దు." ఆ మాట అని, హజరాబీ బట్టలు కుట్టే కత్తెరను జేబులో సర్దుకున్నాడు. ఆ కత్తెర ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేది. ఆమె మాత్రం రవికలు కుట్టడానికి పక్కింట్లో ఇంకోటి అడుక్కునేది.

అట్లాంటి మనిషి మీద అర్జీ పడింది.

పెట్టింది ఆషామాషీ మనిషి కాదు. రాజుపాలెం పక్క ఓబుళరెడ్డి. ఎలక్షన్లొస్తే పెద్ద పెద్దోళ్ళు ఆయన అరుగు మీద కూర్చొని మజ్జిగ తాగి పోతారు. "మా ఇంటి కోడలి ముహూర్తపు పట్టుచీర కొంగును సదరు హెడ్డు దురుద్దేశంతో కత్తిరించినాడు గాన, అతని పట్టీలు పీకవలెను" అని రాయించినాడు. కోడలు నిర్మల, పులివెందుల పక్క పిల్ల. పెండ్లయి ఆరు నెలలు. చీర పెట్టెలో దాచిపెట్టింటే అత్త వనజమ్మ కంట్లో పడింది. ఎవరు కత్తిరించినార్రా అని కొడుకు శేషారెడ్డిని నిలదీస్తే, వాడు నీళ్ళు నమిలి నమిలి, "హెడ్డు" అన్నాడంట. అంతకుమించి అత్త అడగలేదు, వాడు చెప్పలేదు. ముత్తైదువ కొంగు కత్తిరించడమంటే మాటలా!

నారాయణ గబగబా డైరీ తీసినాడు. ఉంది. పెద్ద చెరువు, పట్టు, చిలకపచ్చ, మూరెడు. నడిపినవారు అన్న గడి మాత్రం ఖాళీ.

"ఇదేంది భాయ్?"

"సిరా అయిపోయింది."

"కింద గీత గీసినావు గదా, దానికి సిరా యాడిది?"

హెడ్డు డైరీ మూసినాడు. విజిలు తుడుచుకుంటా కూర్చున్నాడు. మూడు పట్టీలు ఊడితే మళ్ళీ మామూలు కానిస్టేబుల్. నిన్నటిదాకా సెల్యూట్ కొట్టినోళ్ళకు ఈ వయసులో సెల్యూట్ కొట్టాల. నారాయణ బతిమాలినాడు, తిట్టినాడు, చివరికి హజరాబీతో చెప్పించినాడు. ఏం లాభం? రోజంతా వాగే మనిషి నోరు ఆ ఒక్క విషయంలో కుట్టేసినట్టు ఉండిపోయింది.

విచారణ జమ్మలమడుగు బంగళాలో. డిప్టీ సూపరింటెండెంటు దొర కుర్చీలో కూర్చున్నాడు. ఓబుళరెడ్డి మీసం దువ్వుకుంటా ఎదురుగా, పక్కన శేషారెడ్డి నేల చూపులు చూస్తా. అత్తాకోడళ్ళు పక్క గదిలో తలుపు చాటున.

"కొంగు కత్తిరించినావా?"

"కత్తిరించినా సార్."

"ఎందుకు?"

"చక్రంలో పడింది సార్."

"నడిపింది ఎవరు?"

హెడ్డు గోడ మీద గడియారం వైపు చూసినాడు. అది ఆగిపోయి శానా రోజులైనట్టుంది.

"హెడ్డూ, నిన్నే. పేరు చెప్పకుంటే పట్టీలు పోతాయి."

"పోనీండి సార్."

ఇంతలో తలుపు చాటు నుంచి సన్నగా ఒక గొంతు.

"నేనే నడిపినా సార్."

నిర్మల గడప దాటి వచ్చి నిలబడింది. ఓబుళరెడ్డి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

"ఆమె మాట నమ్మొద్దు సార్!" హెడ్డు గబుక్కున అందుకున్నాడు. "నడిపింది... నడిపింది... ఎవరూ నడపలేదు సార్. దానంతటదే పోతాండె."

డిప్టీ దొర ఒక నిమిషం కిటికీలోంచి బయటికి చూసినాడు.

నిర్మల దాచకుండా అంతా చెప్పింది. పుట్టింట్లో ఆయిలింజను తనే తిప్పేది. మొగుని మోటారు సైకిలు చూస్తే చేతులు దురద పెట్టినాయి. ఎండిపోయిన చెరువులో ఒక పొద్దున మొగుడు వెనకాల పరిగెత్తుతాంటే తాను నడిపింది. ఊరికే గాదు, ముహూర్తపు పట్టుచీరంటే మోజుపడి అదే కట్టుకొని మరీ ఎక్కింది. కొంగు చక్రంలో పడి మెడకు బిగుసుకుంటాంటే, సంత బందోబస్తుకు కట్ట మీద పోతాండే హెడ్డు దూకి ఒక్క కత్తిరింపుతో తెంపినాడు. ముగ్గురూ పోయి కంపచెట్లలో పడినారు.

"లేచి మొదట ఏమన్నాడో తెలుసునా సార్? 'నీ పేరు రాస్తే మీ ఇంట్లో బండి అమ్ముతారు, నిన్ను పుట్టింటికి పంపిస్తారు. నేను రాయను. కానీ తల్లీ, నేర్చుకుంటే సరిగ్గా నేర్చుకో' అన్నాడు. ఆయన ఆదివారం ఆదివారం వచ్చి, గొర్లూ బండ్లూ అడ్డం రాకుండా కట్ట మీద కాపలా ఉన్నాడు. హజరాబీ అక్క పైజామా కుట్టిచ్చింది."

పైజామా మాట విని ఓబుళరెడ్డి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆదివారాలు చుట్టాలింటికని చెప్పి హెడ్డు యాడికి పోతాండెనో నారాయణకు అప్పుడు తెలిసింది. ఇన్నేండ్లూ ఈ మనిషిని చూసి సిగ్గుపడినందుకు నారాయణకు తన మీద తనకే శానా సిగ్గేసింది.

"లైసెన్సు లేని మనిషి మీద కేసెందుకు పెట్టలేదు?" డిప్టీ దొర గొంతులో మాత్రం మార్పు లేదు.

"అది రోడ్డు కాదు సార్, చెరువు. చెరువులో మోటారు సైకిలు నడపగూడదని యాడా రాయలేదు. పుస్తకమంతా రెండుసార్లు చదివినా."

అప్పుడు వనజమ్మ బయటికి వచ్చింది. అర్జీ పెట్టించింది ఆమే అని అందరికీ తెలుసు. శేషారెడ్డి గోడకు అతుక్కున్నాడు. ఆమె కోడలి ముందు నిలబడి కిందినుంచి పైదాకా చూసింది.

"ఏమే, అది ముద్దనూరు దాకా పోతాదా?"

"పోతాదత్తా."

"మా అక్క ఉండాది ఆడ. మొగం చూసి ఆరేండ్లాయ. బండి కట్టించమంటే మీ మామ ఎప్పుడూ ఎద్దులకు పనుందంటాడు." ఆమె బల్ల మీది అర్జీ తీసుకొని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది. "ఈ కాగితం మాదే గదప్పా. తీసుకపోతాండా. ఆ పిల్లకు లైసెన్సు యాడిస్తారో చెప్పండి."

"మీరేమంటారు రెడ్డిగారూ?" అన్నాడు డిప్టీ దొర.

"నేననేదేముంది సార్," ఓబుళరెడ్డి లేచి పైగుడ్డ దులుపుకున్నాడు. "ఎద్దులకు నిజంగానే పనుంది."

పట్టీలు నిలబడినాయి. బయటికి వచ్చినాక హెడ్డు దిగులుగా, "అబద్ధం సరిగ్గా చెప్పలేకపోయినా గదా నారాయణా," అన్నాడు.

"శానా అధ్వానంగా చెప్పినావు భాయ్," అన్నాడు నారాయణ, కళ్ళు తుడుచుకుంటా.

ప్రొద్దుటూరు బస్సు వచ్చింది. నారాయణ ఒక కాలు మెట్టు మీద పెట్టినాడో లేదో, హెడ్డు వెనకనుంచి చొక్కా పట్టి కిందికి దించినాడు. లోపల తలలు లెక్కపెట్టినాడంట. రూలు ప్రకారం బస్సు నిండిపోయిందంట.

"తర్వాతి బస్సు ఏ యాలకుంది భాయ్?"

"పొద్దు గూకినాక. అది కూడా నిండిపోయే వస్తాది."

ఇద్దరూ నడక మొదలుపెట్టినారు. ప్రొద్దుటూరు చేరేసరికి నారాయణ కాళ్ళు బొబ్బలెక్కినాయి. దారి పొడుగునా ఒక్క మాట సణగలేదు. వారం తర్వాత అత్తగారింటికి పోతే బామ్మర్దులు ఎప్పటిమాదిరే మొదలుపెట్టినారు. నారాయణ చెప్పులు విడిచి, మంచం మీద బాసింపట్లేసి కూర్చొని, "ఇట్ల రాండ్రా, చెబుతా," అన్నాడు.