కళ్లు మూసుకుని వినే డాక్టరమ్మ

కర్నూలులో నన్ను చూసిన డాక్టరమ్మ, రోగి మాట్లాడుతుంటే కళ్లు మూసుకుని వినేది. నిద్రపోతోందేమోనని మొదట నాకు కోపం వచ్చింది. అయినా తలనొప్పి ఏ తేదీన మొదలైందో, ఎడమ కన్ను ఏ పూట మసకబారిందో వరుసగా అప్పజెప్పాను. ఆ మసక నొప్పి లేకుండా, మామిడి తోటలోకి తెల్లవారుజామున మంచు దిగినట్టు దిగింది.

"తేదీలు బాగుండాయి గానీ అవ్వా, జొన్నరొట్టె నమిలితే దవడ నొస్తాందా?" అంది కళ్లు తెరవకుండానే.

"నొస్తాందమ్మా. పాలల్లో నానేసుకుని తింటాండా. ముసలిదానికి అదీ ఒక రోగమేనా?"

"తల దువ్వుకుంటే?"

"దువ్వెన తగలనీదు."

అప్పుడు కళ్లు తెరిచి, నా కణతలు వేలి కొసతో తడిమింది. "ఈడ రక్తనాళాలు వాచిండాయి. ఒంటిని కాయాల్సిన శక్తే వాటిమీద తిరగబడింది. ఆలస్యమైతే కుడి కన్ను కూడా పోతాది. రక్తపరీక్ష రాస్తాండా గానీ, ఫలితం వచ్చేదాకా ఆగలేం" అని, అక్కడికక్కడే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇప్పించింది.

ఎడమ కన్ను తిరిగి రాలేదు. కుడి కన్ను నిలిచింది. ఇంటికి వచ్చిన రోజు కొర్రబియ్యం చేటలో పోసుకుని రాళ్లు ఏరాను. రాళ్లన్నీ అయిపోయాక కూడా, ఆ పసుపు గింజలను చూస్తూ పొద్దు గూకేదాకా కూర్చుండిపోయాను.