పడమటి గదిలో వంగని కొవ్వొత్తి

ఆరేళ్లుగా ఒక కొవ్వొత్తి బరువు గుండెల మీద మోస్తున్నాను. నవ్వకండి. ఈ రోజు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేట్టుంది. ఎందుకంటే ఇప్పుడే, ఈ నిమిషంలోనే, వేలూరు నుంచి వచ్చిన మెకానిక్ మా తోడికోడలు సుగుణ గదికి ఏసీ బిగిస్తున్నాడు! డ్రిల్లు మోత వింటూనే ఇది రాస్తున్నాను. సంతోషమా? భయమా? రెండూనూ.

తమిళనాడులోని గుడియాత్తంలో మాకు కిరాణా అంగడి. మేడ మీద రెండు పడక గదులు. తూర్పుది నాది, పడమటిది సుగుణది. మధ్యాహ్నం రెండు దాటితే ఎండ తిన్నగా ఆమె మంచం మీదే పడుతుంది. ఆరేళ్ల కిందటి ఆ వేసవికి ఆమె బిడ్డకు ఎనిమిది నెలలు. ఒళ్లంతా చెమటకాయలు. మామగారు ఒకే ఏసీ కొంటానన్నారు, తగవు రాకుండా ఒక పరీక్ష కూడా పెట్టారు. ఎండలకు అంగట్లో కొవ్వొత్తులు మెత్తబడి వంగిపోవడం ఆయన ఏళ్ల తరబడి చూసినవారు. థర్మామీటరు కన్నా ఆయనకు వాటి మీదే నమ్మకం. ఒక్కో గదిలో ఒక్కో కొవ్వొత్తి నిలబెట్టి, "యాది వంగితే ఆ గదికే ఏసీ. సాయంత్రం వచ్చి చూస్తాను. ఎవురూ ముట్టగూడదు" అని అంగడికి వెళ్లిపోయారు.

నేను ముట్టలేదు. ఒట్టు. నా గదిలో పరదాలు తీసేసి, ఇస్త్రీ పెట్టె వేడిచేసి కొవ్వొత్తి పక్కన పెట్టాను, అంతే. ముట్టకపోతే తప్పు కాకుండా పోతుందా? తరువాత సుగుణ గదికి వెళ్లి కిటికీకి తడి దుప్పటి కట్టాను. నేలంతా నీళ్లు చల్లాను. పరీక్ష సంగతి ఆమెకూ తెలుసు. కానీ బిడ్డ ఏడుస్తుంటే ఆమెకు ఇంకేదీ గుర్తురాలేదు.

"బిడ్డ ఏడస్తా ఉండాడు గదా, కాస్త చల్లబడనీ" అన్నాను.

"అక్కా, నువ్వు కాబట్టి చేసినావు. చూడు, ఎంత నిమ్మళంగా నిద్రపోయినాడో!" అంటూ నా చేయి పట్టుకుంది.

సాయంత్రానికి నా కొవ్వొత్తి నడుము వంగిపోయింది. ఆమెది నిటారుగా నిలబడి ఉంది. ఏసీ నా గదికి వచ్చింది. ఆ చల్లగాలి మొదటిసారి ముఖానికి తగిలినప్పుడు ఎగిరి గంతేశాను, ఎందుకు దాచాలి? బిడ్డను మా గదిలోనే పడుకోబెట్టమని రెండు రోజులు నేనే పిలిచాను. మూడో రోజు, మాటిమాటికీ తలుపు తీస్తే చల్లదనమంతా పోతుందని విసుక్కున్నాను. సుగుణ మళ్లీ రాలేదు. చెమటకాయలు చీము పట్టాయి. బిడ్డను ఎత్తుకుని బాగాయంలోని పుట్టింటికి వెళ్లింది, వానలు పడేదాకా తిరిగి రాలేదు. ఇప్పటికీ చుట్టాలందరికీ ఆ తడి దుప్పటి కథ చెప్పి నన్ను మెచ్చుకుంటుంది. ఒక్కసారి తిట్టినా బాగుండును అనిపిస్తుంది.

నాకు అంత వేడిగా ఉండిందా? లేదు. పెద్దకోడలిని నేనుండగా చిన్నదాని గదికి ముందు వస్తుందా అన్న కుళ్లు. ఇంకే కారణమూ లేదు.

డ్రిల్లు ఆగింది. ఒక మాట చెప్పాలి. నేను చిత్తూరులో చదువుకున్నదాన్ని. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, తమిళ బడుల్లో చదివినవాళ్లు కాబట్టి తెలుగు చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. ఆ ధైర్యంతోనే ఇంత రాశాను. అంటే ఒప్పుకుంటూ కూడా దాక్కున్నానా? అవును. అయినా మొదటిసారి ఒకరితో అన్నాను, మీతో. గుండె ఎంత తేలికైందో!

"అక్కా, రా! స్విచ్చి నువ్వే వెయ్యల్ల!" సుగుణ పిలుస్తోంది.

వెళ్తున్నాను. కాగితం చేతిలోనే ఉంది. దీన్ని ఆమెకు చదివి వినిపించాల్సింది నేనే.