రొయ్యల పచ్చడి, ఏథెన్సు తీర్పు

ఆ రోజుల్లో, అంటే కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాడికీ విమానం టికెట్టు దొరికిన వైటూకే కాలంలో, సింగపూర్‌లోని మా ఫ్లాట్ నుంచి ఒక మంచి మనిషి వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడని ఎవరడిగినా "ఓటింగులో ఓడిపోయాడు" అనేవాణ్ణి. అసలు దొంగను నేనేనన్న సంగతి మాత్రం ఇన్నేళ్లూ మింగేశాను. ఇప్పుడు చెబుతున్నాను.

చోవా చూ కాంగ్‌లో ఐదుగురం కలిసి ఉండేవాళ్లం. అందరిలో పెద్దవాడు కరీంనగర్ అన్న. రాత్రి షిఫ్టు చేసొచ్చి, కాసేపు పడుకుని, లేచి అందరికీ వండిపెట్టేవాడు. నేను అందరికంటే చిన్నవాణ్ణి, వచ్చి మూడు నెలలు. వంట రాదు కాబట్టి జ్ఞానం పంచేవాణ్ణి. లైబ్రరీ నుంచి ప్రాచీన గ్రీకుల మీద లావుపాటి పుస్తకం తెచ్చి, ప్రపంచానికి ప్రజాస్వామ్యం, తర్కం, వ్యాయామం నేర్పింది వాళ్లేనని భోజనాల దగ్గర ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. (వ్యాయామం అధ్యాయం పడుకుని చదివాను.) "మరి ఆ గ్రీకోళ్లు తిన్న పళ్లాలు ఎవరు కడిగేటోళ్లు తమ్మీ?" అని అన్న అడిగేవాడు. (బానిసలు అని పుస్తకంలో ఉంది. చెప్పలేదు.) మితంగా బతకడమే గ్రీకుల ఆదర్శమని పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించాను కూడా. ఆ తలుపు వెనకే మాలో ఒకడైన బాపట్లవాడికి వాళ్లమ్మ పంపిన రొయ్యల పచ్చడి సీసా ఉండేది. నేను రోజూ అందరికంటే ముందు లేచి వంటగదిలో గ్రీకుల్ని చదువుకునేవాణ్ణి, ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో చెంచా.

వారంలో సీసా అడుగంటింది. "పగలంతా కొంపలో ఉండేదెవరు? నేను పేరు చెప్పనురా, మీరే ఆలోచించుకోండి!" అని బాపట్లవాడు గంతులేశాడు. అందరి కళ్లూ అన్న మీదికి వెళ్లాయి. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పాను, గ్రీకుల గురించి. ఏథెన్సు ప్రజలు తమకు గిట్టనివాడి పేరు కుండపెంకు మీద రాసేవారని, ఎక్కువ పెంకులు పడ్డవాడు పదేళ్లు ఊరు వదిలిపోవాలని చెప్పాను. అందరికీ తెగ నచ్చింది. కుండ లేక పింగాణీ ప్లేటు పగలగొట్టాం. చప్పుడుకు పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీ తలుపు తీసి, "ఐయో, వై యూ బ్రేక్ ప్లేట్ లా?" అంది. "డెమోక్రసీ, ఆంటీ" అన్నాను. ఓటుకు ముందు ధైర్యం కోసం వంటగదిలోకి వెళ్లి సీసా అడుగును వేలితో ఇంకోసారి తుడిచాను.

ఇంటికి పెద్ద కనుక పెంకులు లెక్కపెట్టే పనీ అన్నదే. నాలుగింటి మీద ఆయన పేరే. ఐదోది ఖాళీ. ఒక పెంకును కాస్త ఎక్కువసేపు చూసి పక్కన పెట్టాడు. "ప్రజల తీర్పు గదా" అని నవ్వి, పెట్టె సర్దుకుని వుడ్‌ల్యాండ్స్‌లో తెలిసినవాళ్లింటికి వెళ్లిపోయాడు. మేం జాలిపడి పదేళ్లను పది రోజులకు కుదించాం. ఆయన మాత్రం తిరిగి రాలేదు. మేం నూడుల్స్‌తో ప్రజాస్వామ్యాన్ని కొనసాగించాం.

మొన్న సెరంగూన్ మాల్‌లో అన్న కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది, పక్కన కూతురు. "డాడీ, హూ ఈజ్ దిస్ అంకుల్?" అందా పిల్ల. "నాకు గ్రీకోళ్లను చూపించిన అంకుల్ బిడ్డా" అన్నాడు. నా వల్ల కాలేదు. అక్కడే, ఎస్కలేటర్ పక్కనే, "అన్నా, ఆ పచ్చడి తిన్నది నేనే" అనేశాను.

"తెల్సు తమ్మీ. పెంకులు లెక్కవెట్టింది నేనే గద. ఫ్రిజ్ మీద రోజు చూసిన నీ రాతే, దాని పక్కన ఎర్రగ నూనె వేలిముద్ర."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే నిన్ను వెళ్లగొడుతుండిరి. కొత్తగ వచ్చినోడివి, యాడికి పోతవ్?"

ఖాళీ పెంకు ఎవరిదో అప్పుడు అర్థమైంది. లావుపాటి పుస్తకమంతా వెతికిన గ్రీకు ఆదర్శం మాకు వండిపెడుతూ మా మధ్యే ఉండేదని కూడా. వేలికి ఇంకా నూనె ఉన్నట్టు చొక్కాకు తుడుచుకుని, ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"పచ్చడి తిన్నందుకు కాదన్నా. పెంకు మీద నీ పేరు రాసినందుకు. క్షమించు."