మొలతాడు తునకలు

“ఇంకో ముడి బిగించు మే, జారిపోతాండాది” అన్నాడు మా ఆయన. “ఇంకా బిగిస్తే పదారేండ్ల పెండ్లికొడుకువి అయితావు” అన్నాను నేను. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు.

అది జరిగి అరవై ఏండ్లు పైబడ్డాయి. మొన్న నా తమ్ముడి మనవరాలు జిమ్ము నుంచి వచ్చి, ఎంత బరువెత్తిందీ, ఒంట్లో కొవ్వెంత తగ్గిందీ ఫోనులో రాసుకుంటుంటే, ఆ లెక్క నాకూ వచ్చన్నాను. నవ్వింది. అందుకే దాన్ని కూర్చోబెట్టి చెబుతున్నాను, అది రాస్తోంది.

మాది ఆత్మకూరు. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మగవాళ్ల కసరత్తుకు తాలీం ఉండేది, ఎర్రమట్టి పరిచి, మూలన గుండ్రాయి పెట్టి. ఉగాదికి ఆ గుండు ఎత్తి భుజం దాటించాలని మా ఆయన పంతం. రోజూ చిన్న గుండు ఎన్నిసార్లు ఎత్తాడో వచ్చి చెబితే, వంటింటి గోడ మీద బొగ్గుతో అన్ని గీతలు గీసేదాన్ని. నాకు అక్షరాలు రావు గానీ గీతలు వచ్చు. శనివారం తలంటినప్పుడు మొలతాడు ఎంత వదులైతే అంత మేర కత్తిరించి ముడి వేసేదాన్ని. ముందు కడుపు కరగాలి, కండ ఆ తర్వాత వస్తుందని ఉస్తాదు చెప్పాడట. ఆ మాట పట్టుకొని సంగటి రెండు ముద్దలు ఒకటి చేశాను, నెయ్యి మానిపించాను.

తాడు వారం వారం వదులవుతుంటే బావి దగ్గర గొప్పలు చెప్పుకున్నాను. గోడ మీద గీతలు పది నుంచి ఆరుకు, ఆరు నుంచి మూడుకు దిగినా, ఎండలు ముదిరాయి కదా అనుకున్నాను. దగ్గుతుంటే తాలీం మట్టి గొంతులో పడిందనుకున్నాను.

ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా, ఆ మాట అని తాలీంకు పోయి, గుండు రొమ్ము దాకా ఎత్తి, రక్తం కక్కుకొని పడిపోయాడట. నేను కర్నూలు ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. క్షయ, ఎన్నో నెలలది అన్నారు. అప్పుడు కూడా మొలతాడు వదులుగానే ఉంది.

ఆ ఇంట్లో ఒక్కదాన్నే చాలా ఏండ్లున్నాను. ప్రతి పండుగకూ ఇల్లంతా సున్నం కొట్టి, గీతలున్న ఆ మూరెడు గోడ మాత్రం వదిలేసేదాన్ని. ఇప్పుడు ఆ గోడా లేదు. తాడు తునకలు మాత్రం పసుపు డబ్బాలో ఉన్నాయి, అన్నీ కలిపితే జానెడు.

మొన్న మనవరాలిని అడిగాను, నడుమూ తగ్గి, ఎత్తే బరువూ తగ్గితే ఏమని. “రెండూ తగ్గితే డాక్టరుకు చూపించుకోవల్ల అవ్వా” అంది, ఫోను మీంచి తల ఎత్తకుండానే. ఇంత చిన్న మాట. ఆనాడు గోడ నా ఎదురుగానే ఉండేది, తాడు నా చేతిలోనే ఉండేది, రెండూ కలిపి చూడమని చెప్పే మనిషే లేకపోయింది. ఇప్పుడు అందరికీ అన్నీ తెలుసు, నడుము కొలవడానికి పక్కన ఇంకొకరి చెయ్యి అక్కరలేదు.

సరే తల్లీ, రాసిందంతా మొదటి నుంచి ఒకసారి చదువు. ఆయన మాట దగ్గర కొంచెం నిదానంగా.