బతికున్న మనిషికి ఏడ్చి తెచ్చుకున్న అవార్డు

ఈమధ్యే మా సినిమాకు రెండు అవార్డులు వచ్చాయి. ఒకటి ఉత్తమ చిత్రానికి, ఇంకోటి నాకు. చెట్టు మీది నుంచి పడి చనిపోయే కల్లుగీత కార్మికుల కుటుంబాలకు సాయం అందాలని ఊరూరా తిరిగి కొట్లాడిన రాజేశం గౌడ్ జీవితం అది. ఆయన భార్య లస్మవ్వ వేషం నాది. అసలు రాజేశం కూడా ఒకసారి తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు గానీ బతికి బయటపడ్డాడు, ఇప్పటికీ ఉన్నాడు. సినిమాలో మాత్రం పోతాడు. శవం పక్కన కూర్చుని గాజులు పగలగొట్టుకుంటూ నేను ఏడ్చే ఆ చివరి ఘట్టాన్ని విమర్శకులు ఆకాశానికి ఎత్తారు. అవార్డు చేతికొచ్చిన వారానికి కథలాపూర్ దగ్గరున్న వాళ్ళ ఊరి నుంచి డైరెక్టరుకు ఫోన్ వచ్చింది. "గా ఏడ్చిన పిల్లను ఒక్కసారి మా ఇంటికి రమ్మను" అందట లస్మవ్వ. ఎందుకో చెప్పలేదట. తోడు రమ్మంటే డైరెక్టర్ షూటింగ్ ఉందని తప్పించుకున్నాడు. బతికున్న మొగుడికి, తన పేరు పెట్టుకుని ఎవతో గాజులు పగలగొట్టుకుంటే ఏ ఆడది ఊరుకుంటుంది?

జూబ్లీ బస్టాండులో పొద్దున్నే సిరిసిల్ల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. సిద్దిపేట మీదుగా మూడున్నర గంటల ప్రయాణం. సిద్దిపేట దాటాక కునుకు పడుతుందేమోనని చూశాను, పడలేదు. సంచిలో అవార్డు షీల్డు ఉంది. దాన్ని ఎందుకు తెచ్చానో నాకే తెలియదు, చూపించే ధైర్యం మాత్రం లేదు. సిరిసిల్ల బస్టాండు పక్క హోటల్లో ఉప్మా తింటుంటే, చాయ్ పోసే ఆమె గరిటె అక్కడే పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు గా సినిమల మొగడు సచ్చినామెవు గాదూ? నిన్ను సూసి తెల్లారేదాక ఏడ్చిన తల్లీ. మా ఆయన పోయిన్నాడు గూడ గంతగనం ఏడ్వలే."

ఇంకో రోజైతే పొంగిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం ఉప్మా సగంలో వదిలేసి లేచాను.

సిరిసిల్ల నుంచి వేములవాడ, రుద్రంగి మీదుగా కోరుట్ల వెళ్ళే బస్సులో గంటన్నరకు కథలాపూర్‌లో దిగాను. అక్కడి నుంచి ఊళ్ళోకి ఆటో, రెండు వందలు. ఎవరింటికని అడిగితే చెప్పాను. డ్రైవర్ అద్దంలో నన్ను రెండుసార్లు చూశాడు.

"ఇయ్యాల పోకపోతె మంచిగుండు అక్కా. రాజేశం తాతకు గుండె బాగలేదు. వచ్చే వారం కరీంనగర్ల ఆపరేషన్. పంచాయతి ముంగట తెర కట్టి మీ సినిమ ఏసిండ్రు. గా దినం సంది లస్మవ్వ ఎవ్వలతోటి మాట్లాడుత లేదు."

ఆపరేషన్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఆటో ఆపమని నోటి దాకా వచ్చింది.

రాజేశం వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బక్క మనిషి. నన్ను చూసి నవ్వాడు. "గీమెనా నా పెండ్లాం? నేను సచ్చుడు మస్తుగ తీసిండ్రు బిడ్డా. సూసి నేను గూడ ఏడ్చిన."

లస్మవ్వ నవ్వలేదు. గడియారం తప్ప ఏమీ లేని నా చేతుల వైపు చూసింది. "లోపలికి రా" అంది. వెళ్ళాను. తలుపు దగ్గరికి వేసింది. కొడుతుందనే అనుకున్నాను.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. గా ఏడుపు నిజమేనా, కండ్లల్ల మందు పెట్టుకున్నవా?"

"మొదట మందే పెట్టారు అవ్వా. తర్వాత అవసరం పడలేదు. ఆపమన్నా ఆగలేదు నాకు."

"మరి సూసినోల్లు? ఆల్లు నిజంగ ఏడ్చిండ్రా?"

సిరిసిల్ల హోటలామె మాట చెప్పాను. "ఆమె మాకేమైతది?" అంది. ఏమీ కాదన్నాను. లస్మవ్వ గోడకు చేరగిలబడి మెల్లగా కింద కూర్చుంది.

"ఆపరేషన్ తారీకు చెప్పిన్నాడే కాకి ఆయన నెత్తి మీద తన్నింది బిడ్డా."

అప్పుడు అర్థమైంది. మా అమ్మమ్మ ఊళ్ళోనూ ఈ నమ్మకం ఉంది. కాకి తలమీద తన్నితే ప్రాణగండం. మనిషి పోయాడని అయినవాళ్ళకు అబద్ధపు కబురు పంపుతారు. వాళ్ళు నమ్మి ఏడిస్తే గండం ఆ ఏడుపుతోనే పోతుందంటారు.

"ఆయన పోయిండని కోరుట్లల మా అన్నకు ఫోన్ చేపిచ్చిన. 'కాకి తన్నిందా ఏంది?' అని నవ్విండు. ఇప్పుడు ఎవ్వలు నమ్ముతలేరు. నమ్మకపోతె ఏడ్వరు, ఏడ్వకపోతె గండం పోదు. గా మరునాడే ఊర్ల మీ సినిమ ఏసిండ్రు. గా ఏడుపు అక్కరకొస్తదేమోనని నిన్ను పిలిచిన."

నేను సంచిలోంచి షీల్డు తీశాను. "ఏడ్చినందుకే ఇచ్చిండ్రా?" అని అటూ ఇటూ తిప్పి చూసింది. అవునన్నాను. "ఇచ్చినోల్లు గూడ ఏడ్చిండ్రా?" ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడని చెప్పాను. అది నిజమే. ఆమె లేచి షీల్డును కొండగట్టు అంజన్న పటం పక్కన నిలబెట్టింది. "ఆపరేషన్ అయ్యేదాక ఈడ్నే ఉండని."

"నేనేడ్చింది గూడ లెక్కకొస్తదా?" అని వాకిట్లోంచి రాజేశం అరిచాడు.

"నీది రాదు, ఊకో" అంటూ లస్మవ్వ ఎర్ర మట్టిగాజులు తెచ్చి, సబ్బునీళ్ళు రాసి నా రెండు చేతులకూ ఎక్కించింది. "నా పేరు మీద పగలగొట్టినవ్. నా పేరు మీదనే ఏసుకో. ఆయన ఇంటికి వచ్చేదాక ఒక్కటి గూడ చిట్లొద్దు."

కాకుల మీద నాకు నమ్మకం లేదు. కానీ ఇన్నాళ్ళూ నా ఏడుపు బాగుందా లేదా అనే అందరూ మాట్లాడారు. అది పనిచేస్తుందా అని అడిగిన మనిషి ఈమె ఒక్కతే. వెళ్ళేటప్పుడు ఆమెకు భయపడ్డాను. వచ్చేటప్పుడు ఆమె భయం నాదైంది. ఇది రాసేనాటికి ఆపరేషన్ ఇంకా కాలేదు.

మీరూ అటు వెళ్తే ఒక మాట. తిరుగు ప్రయాణానికి కథలాపూర్ నుంచి కోరుట్ల, జగిత్యాల మీదుగా రండి, హైదరాబాద్ బస్సులు ఎక్కువ. కానీ కోరుట్ల బస్సులో కుదుపులు బాగా ఉంటాయి, సీటు దొరక్కపోతే పైకడ్డీ గట్టిగా పట్టుకోండి. నేను పట్టుకోలేదు. చేతులు రెండూ గుండెలకు ఆనించుకుని, కోరుట్ల దాకా తూలుతూ నిలబడే వచ్చాను.