మూడు వేళ్ళ దూరం

మా పిన్ని పాతికేళ్ళుగా బట్టలు కుడుతోంది. మెడలో టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. గుమ్మంలో మనిషి కనపడితే చాలు, కూర్చోమనేలోపే భుజం కొలిచేస్తుంది. అలాంటి మనిషి నలభై ఎనిమిదో ఏట కుట్టుమెషీన్ పక్కనే బల్ల వేసి ఆక్యుప్రెషర్ మొదలుపెట్టింది. నేర్పింది పక్క వీధి ముసలాయన. అందరికీ సూదుల తాతయ్య.

ఈ విద్య చైనాలో పుట్టింది. ఒంట్లో శక్తి కొన్ని దారుల్లో నడుస్తుందనీ, ఆ దారిలో సరైన చోట తాకితే బాధ తగ్గుతుందనీ అక్కడి పాత వైద్యుల నమ్మకం. సూదులు గుచ్చేవాళ్ళు, వేలితో నొక్కేవాళ్ళు ఎప్పట్నుంచో ఉన్నారు. ఈమధ్య కొందరు వేలికొసలతో తట్టి ఊరుకుంటున్నారు. "రేపు ఫోన్‌లో ఊదుతారు, చూస్తూ ఉండు" అనేవాడు తాతయ్య.

ఆ ఏడే అమ్మకి క్యాన్సర్ అని తేలింది. మందు ఎక్కించిన ప్రతిసారీ వాంతులే. మూడో విడత వారంలో ఉందనగా డాక్టరమ్మ చెప్పేసింది: ఇంకో రెండు కిలోలు తగ్గితే మందు ఆపాల్సిందే.

వాంతికి నొక్కే చోటు మణికట్టు లోపలివైపు, మడతకి మూడు వేళ్ళ పైన. పిన్ని అమ్మని తన బల్ల మీదే పడుకోబెట్టి రోజూ నొక్కింది. అమ్మ రోజూ కక్కింది.

"చంపుతావా ఏంటే? చెయ్యి కమిలిపోయింది."

"నోర్మూసుకుని పడుకో అక్కా. చిన్నప్పుడు నా జడ పట్టి లాగావుగా, కసి తీర్చుకుంటున్నా."

నాలుగో రోజు తాతయ్య చూడ్డానికొచ్చాడు. పిన్ని అమ్మ మణికట్టు మీద టేపు పరిచి, రెండంగుళాల దగ్గర పెన్నుతో చుక్క పెడుతోంది.

"అదేంటమ్మా?"

"మూడు వేళ్ళంటే రెండంగుళాలు తాతయ్యా. నా వేళ్ళు కొలిచి రాసుకున్నా. అందరికీ అదే."

"అందరికీ ఒకే కొలతకి కుడతావా బట్టలు?"

పిన్ని చేతిలో పెన్ను చుక్క మీదే ఆగింది.

"టేపు పుట్టకముందు పుట్టిన విద్యమ్మా ఇది. ఎవరి ఒంటికి వాళ్ళ వేళ్ళే కొలత."

అమ్మ రెండో చేతి వేళ్ళు మూడూ తెచ్చి మణికట్టు మీద ఆనించాడు. మూడూ కలిపినా పిన్ని వేళ్ళు రెండింటంత లేవు. చుక్క ఎక్కడో పైన ఉండిపోయింది. పిన్ని ఆ చుక్క వంకే చూస్తూ ఉండిపోయింది. ఊళ్ళో అందర్నీ కొలిచింది కానీ, అక్క ఇంత చిక్కిపోయిందని ఆవిడకి తెలిసింది అప్పుడే. టేపు తీసి మెషీన్ మీద పడేసి, అమ్మ వేళ్ళు చూపిన చోట నొక్కింది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ వాంతుల మాత్ర కూడా మార్చింది. రెండు రోజులకి అమ్మ తిన్నది కడుపులో నిలిచింది. ఏది పనిచేసిందో నేను చెప్పలేను. పిన్ని మాత్రం, "మాత్రే అయ్యుంటుంది" అంటుంది, తల ఎత్తకుండా.

ఏడో రోజు ఆస్పత్రిలో బరువు చూశారు. అరకిలో తగ్గింది, అంతే. మందు ఎక్కిస్తామన్నారు.

నర్సు సూది తెచ్చేలోపు అమ్మ పిన్ని ముందు చెయ్యి చాపింది. "ఇదిగోనే నా వేళ్ళు. సరిగ్గా కొలుచుకో, బిగుతుగా కుట్టకు."

పిన్ని నవ్వలేదు. ఆ మూడు వేళ్ళనీ ఒక్కొక్కటిగా సర్ది, మణికట్టు మీద ఆనించి, అవి వెచ్చబడేదాకా అలాగే పట్టుకుంది.