ఇరవయ్యో లైను

లైన్‌మన్ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ వీధి చివర ఇనప పెట్టెలో మూడొందల ఫోన్ల తీగలు ఉండేవి. ఏ తీగ ఎవరింటిదో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. గాలివానకి లైను తెగితే చాలు, జనం అతని నిచ్చెన కోసం గుమ్మాల్లో నిలబడి ఎదురుచూసేవాళ్ళు. ఇప్పుడా పెట్టెలో మిగిలినవి ఇరవై. తక్కినవాళ్ళంతా గోడకి అరచేయంత డబ్బా బిగించుకుని ఇంటర్నెట్టులోనే మాట్లాడుకుంటున్నారు. స్తంభం మీద కాకి వాలినా, లైన్‌మన్ ఎక్కినా తలెత్తి చూసేవాడు లేడు.

పోయిన వారం కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ఏడాదికోసారి నెలాఖరున ఆఫీసు రికార్డులో ఉన్న తీగలు లెక్కపెడతారట. ఇరవైకి ఒక్కటి తగ్గినా ఆ పెట్టెకంటూ ప్రత్యేకంగా మనిషిని ఉంచరట. చల్లటి గదిలో కూర్చుని ఒక ముక్క రాసి పారెయ్యడానికి ఎంతసేపు! ఇప్పుడు నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులుంది. యాభై ఆరేళ్ళ కాంట్రాక్టు మనిషిని పిలిచి ఇంకోచోట పని ఇస్తారనుకునేంత వెర్రివాడు కాదతను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. భయం వేసిందా అంటే అదీ లేదు. దవడకి మత్తు సూది పొడిచాక చెంప ఎలా ఉంటుందో మనసు అలా ఉంది. గిల్లినా తెలియడం లేదు.

ఆ ఇరవైలో ఒకటి సొంత అక్కది. ఆవిడకి టైలరింగ్ షాపుంది. ఆ రోజు పొద్దున్నే కబురు పెడితే వెళ్ళాడు.

"దొరగారికి ఇప్పటికి తీరిందా?" అంది అక్క, పెదాల మధ్య గుండుసూదులు అలాగే ఉంచుకుని. ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఆ సూదులతోనే జనాన్ని తిడుతోంది, ఇంతవరకు ఒక్కటీ మింగలేదు.

"చెప్పక్కా."

"నీ మేనకోడలు ఆ కొత్త ఫోను పెట్టించి నెలైంది. రెండింటికీ బిల్లులొచ్చాయి. నాకు అంకెలొచ్చు గానీ ఈ చీమకాళ్ళ రాతలు రావు. పక్కపక్కన పెట్టి చదువు."

కత్తిరించిన గుడ్డముక్కలు పక్కకి నెట్టి బల్ల మీద రెండూ పరిచాడు.

"పన్ను రెండింటికీ ఒకటే శాతం అక్కా."

"మరి పాతది రెండింతలెందుకైంది?"

"దీంట్లో అద్దె కాక ఫీజులున్నాయి. ఇది మారుమూల ఊళ్ళకి ఫోన్లు వెయ్యడానికి."

"వేశారా?"

"వేస్తున్నారు."

"నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వేస్తూనే ఉన్నారు. ఆ కిందది?"

"లైను నిర్వహణ ఫీజు. అన్నీ కలిపి, ఆ మొత్తం మీద పన్ను."

"ఫీజు కట్టినందుకు కూడా పన్నా! తన్నులు తిని, తన్నినవాడి చెప్పులు మనమే కుట్టించి పెట్టాలన్నమాట."

మూల మిషను దగ్గర కుడుతున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది. లైన్‌మన్ నవ్వలేదు.

"కొత్తదాంట్లో ఈ ఫీజులు లేవు. డబ్బా అద్దె మాత్రం ఆరు నెలల తర్వాత మొదలవుతుంది, అడుగున చిన్నగా రాశారు. అది కలిపినా కొత్తదే చవక."

ఆ చివరి మాట మింగేసినా అడిగేవాళ్ళు లేరు. నిజం కాబట్టి చెప్పాడు.

"కరెంటు పోతే కొత్తది పలకదు. పాతది పలుకుతుంది" అన్నాడు మళ్ళీ. ఈ వీధిలో ప్రతి గుమ్మంలోనూ చెప్పిన మాటే.

"కరెంటు పోతే నా మిషన్లూ నడవవు. కుట్టడం అయిందా అని ప్రాణం తీసేవాళ్ళ ఫోనూ రాదు. అంతకన్నా సుఖమేముందిరా! పాతది పీకెయ్." అని, సూదులు తీసి డబ్బాలో వేసి అతని మొహంలోకి చూసింది. "నీకేం ఇబ్బంది లేదుగా?"

"నాకేముంది?"

ఆ నిర్వహణ ఫీజులోంచే తన జీతం వస్తుందని అతనికి తెలుసు. చెబితే అక్క ఫోను ఉంచేస్తుందనీ తెలుసు. ఉంచి, కొలతలిచ్చే ప్రతి మనిషికీ 'మా తమ్ముడికి జీతం నేనే ఇస్తున్నా' అని చెప్పుకుంటుంది. ప్రేమగానే చెప్పుకుంటుంది. అది వినడం కన్నా, లైను తీసేసే ఫారం నింపడమే తేలికనిపించింది. నింపాడు. అక్క సంతకం పెట్టింది.

పెట్టె తెరిచి ఆవిడ తీగల జతని కటింగ్ ప్లేయరుతో లాగేశాడు. టెస్ట్ ఫోను తగిలించి చెవిన పెట్టుకున్నాడు. ఏ చప్పుడూ లేదు. అవసరం లేకపోయినా కాసేపు అలాగే విన్నాడు.

ఆఫీసులో గుమస్తా ఫారం చూసి కళ్ళజోడు తీసేశాడు.

"బుద్ధుందా నీకు? ఇది పడితే పందొమ్మిది!"

"అవును."

"నాలుగు రోజులు నా సొరుగులో పడి ఉంటుందిలే. లెక్క అయిపోయాక ముద్ర వేస్తాను. నీకింకో ఏడాది గడుస్తుంది. ఎవడికీ తెలీదు."

"ఈ నెల ముద్ర పడకపోతే పైనెల అద్దె, ఫీజులు, వాటి మీద పన్ను ఆవిడ నెత్తిన పడతాయి."

"మీ అక్కే కదయ్యా, పడితే పడనీ!"

"బిల్లు చదివి చెప్పింది నేనే. వెయ్యి."

గుమస్తా అతన్ని ఎగాదిగా చూశాడు. పిచ్చివాడితో వాదించి లాభం లేదన్నట్టు ముద్ర తీసి ఫారం మీద గుద్దాడు. తర్వాత "నాలుగు రోజులాగి ఇచ్చేవేవో ఇప్పుడే ఇచ్చెయ్" అంటూ చెయ్యి చాపాడు. లైన్‌మన్ మొలతాడుకి కట్టుకున్న పెట్టె తాళం చెవి విప్పి ఇచ్చాడు.

"టెస్ట్ ఫోను?"

అదీ ఇచ్చాడు.

"ఇంకేమైనా ఉన్నాయా కంపెనీవి?"

"నిచ్చెన. బయట గోడకి ఆనించాను."